చిన్న గ్యాస్ పొయ్యి కొనేవారు ముందుగా డబ్బాను చూడాలి

సంపాదకులకు నమస్కారం.

చలికాలం వచ్చిందంటే లంబసింగి, వంజంగి, అరకు దారులు కార్లతో, మోటారు సైకిళ్లతో నిండిపోతున్నాయి. తెలంగాణలో వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకూ వారాంతాల్లో అదే రద్దీ. తెల్లవారుజామున మేఘాలు చూడడానికి కొండ ఎక్కేవారిలో చాలామంది ఇప్పుడు టెంటుతో పాటు ఒక చిన్న గ్యాస్ పొయ్యిని కూడా వెంట తీసుకెళ్తున్నారు. కనిపించిన చెట్టు కొమ్మ విరిచి మంట వేసే అలవాటు కన్నా ఇది ఎన్నో రెట్లు మేలైనదని నేను గట్టిగా నమ్ముతాను. అయితే ఈ పొయ్యిని మనవాళ్లు కొంటున్న తీరు, వాడుతున్న తీరు చూస్తుంటే భయం వేస్తోంది. శీతాకాల పర్యాటకం గురించి ఎన్నో కథనాలు ప్రచురించే మీ పత్రికలో ఈ విషయానికి కూడా కొంత చోటు ఇవ్వాలన్న ఆశతో ఈ ఉత్తరం రాస్తున్నాను. కళాశాలలో రసాయన శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని. కుటుంబంతోనూ, పాత విద్యార్థులతోనూ కలిసి కొండలకు వెళ్లే అలవాటు ఇప్పటికీ ఉంది కాబట్టి, నేను చెప్పేదంతా పుస్తకంలో చదివింది మాత్రమే కాదు.

దుకాణంలో ఈ పొయ్యి అడిగేవారి ప్రశ్నలు దాదాపు ఒకే రకంగా ఉంటాయి. ధర ఎంత, మంట ఎంత పెద్దగా వస్తుంది, మడిస్తే సంచిలో పడుతుందా అని అడుగుతారు. పొయ్యికి తగిలించే గ్యాస్ డబ్బా గురించి మాత్రం అడగరు. దుకాణదారు కూడా చెప్పడు. నిజానికి పొయ్యి అంటే ఒక సన్నని రంధ్రం, ఒక నాబ్, గిన్నె నిలబడడానికి మూడు నాలుగు కాళ్లు, అంతే. మంట బాగా రావడమూ, రాకపోవడమూ, ప్రమాదం జరగడమూ, జరగకపోవడమూ చాలావరకు ఆ పలుచని రేకు డబ్బాలో ఏ గ్యాసు ఉంది, దాని చుట్టూ ఎంత వేడి ఉంది అన్న రెండు విషయాల మీదే ఆధారపడి ఉంటాయి. ఈ ఉత్తరంలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే.

మన మార్కెట్లో దొరికేవి ప్రధానంగా రెండు రకాలు. ఒకటి పెట్టె ఆకారంలో ఉండే పొయ్యి. అందులో దోమల మందు డబ్బాలా పొడుగ్గా ఉండే, సుమారు 220 గ్రాముల గ్యాసు పట్టే డబ్బాను పక్కకు పడుకోబెట్టి అమరుస్తాం. కారులో వెళ్లేవారికి, నలుగురికి వండుకునేవారికి ఇది అనువైనది. నేల మీద వెడల్పుగా కూర్చుంటుంది కాబట్టి గిన్నె ఒరిగిపోదు. రెండోది అరచేతిలో ఇమిడే మడత పొయ్యి. పొట్టిగా, గుండ్రంగా ఉండే మరచుట్టు డబ్బా నెత్తి మీద దాన్ని బిగిస్తాం. బరువు మోసుకుంటూ నడిచేవారికి ఇది మంచిది. కానీ ఎత్తు ఎక్కువ, ఆధారం తక్కువ. దీని మీద లీటరు గిన్నె పెట్టవచ్చు కానీ, ఐదు లీటర్ల కుక్కరు పెడితే పడిపోవడం ఖాయం. ఇదే పొయ్యిని డబ్బాకు దూరంగా, ఒక గొట్టంతో కలిపి నేల మీద పెట్టే రకం కూడా ఉంది. ధర ఎక్కువైనా, పిల్లలతో వెళ్లేవారికి, పెద్ద గిన్నెలు వాడేవారికి నేను దాన్నే సూచిస్తాను. మంట ఒకచోట, డబ్బా మరొకచోట ఉండడం చాలా పెద్ద రక్షణ.

పెట్టె పొయ్యిలో డబ్బా అమర్చడంలో ఒక కిటుకు ఉంది. డబ్బా మెడ దగ్గరి అంచులో ఒక చిన్న గాడి కనిపిస్తుంది. పొయ్యిలో దానికి సరిపోయే నాలుక లాంటి రేకు ఒకటి ఉంటుంది. గాడి సరిగ్గా పైకి వచ్చేటట్టు డబ్బాను ఉంచి, మీటను కిందికి నొక్కాలి. ఈ గాడి ఏదో అలంకారం కోసం పెట్టింది కాదు. డబ్బా లోపల ఒక చిన్న వంపు గొట్టం ఉంటుంది. గాడి పైకి ఉన్నప్పుడు ఆ గొట్టం కొన కూడా పైనే, అంటే ద్రవం మీద తేలే ఆవిరిలో ఉంటుంది. గాడి పక్కకో కిందికో తిరిగితే ఆ కొన ద్రవంలో మునుగుతుంది. అప్పుడు బర్నర్‌లోకి ఆవిరికి బదులు ద్రవమే వచ్చి, వెలిగించగానే మంట మోచేతి ఎత్తుకు లేస్తుంది. మీట పడటం లేదని బలవంతంగా నొక్కేవారిని నేను చాలామందిని చూశాను. మీట పడలేదంటే గాడి కుదరలేదని అర్థం. డబ్బాను బయటికి తీసి మళ్లీ చూసుకోవాలి. మరచుట్టు పొయ్యికి పొడుగు డబ్బా తగిలించుకునే అడాప్టర్లు కూడా ఇప్పుడు అమ్ముతున్నారు. వాటితో డబ్బాను పడుకోబెట్టినప్పుడు గాడి ఎటు ఉందో చూసి ఆపే ఏర్పాటేదీ ఉండదు కాబట్టి ఆ బాధ్యత పూర్తిగా వాడేవారిదే.

ఇక గ్యాసు సంగతి. పొడుగు డబ్బాల్లో ఎక్కువగా ఉండేది బ్యూటేన్. సున్నాకు అర డిగ్రీ తక్కువలో అది మరుగుతుంది. అంటే చుట్టూ ఉన్న చలి ఆ అంకెకు దగ్గరవుతున్న కొద్దీ డబ్బాలోని ద్రవం ఆవిరిగా మారడం మందగిస్తుంది. ఐసోబ్యూటేన్ దాదాపు మైనస్ 12 డిగ్రీల దగ్గర, ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గర మరుగుతాయి. అందుకే పొట్టి మరచుట్టు డబ్బాల్లో చాలావరకు ఈ గ్యాసుల మిశ్రమాన్ని నింపుతారు. ఆ పీడనానికి తగ్గట్టుగా డబ్బాను కూడా గట్టిగా తయారు చేస్తారు. 20 డిగ్రీల దగ్గర బ్యూటేన్ ఆవిరి పీడనం వాతావరణ పీడనానికి రెట్టింపు ఉంటుంది. విశాఖ తీరంలో మంట ధాటిగా రావడానికి అది చాలు. ఐదు డిగ్రీల దగ్గర అదే పీడనం వాతావరణ పీడనం కన్నా కేవలం పావు వంతు మాత్రమే ఎక్కువ. పైగా ద్రవం ఆవిరయ్యేటప్పుడు తన వేడిని తానే ఖర్చు చేసుకుంటుంది కాబట్టి, పొయ్యి వెలిగించిన కొద్ది నిమిషాల్లోనే డబ్బా బయటి గాలి కన్నా చల్లబడిపోతుంది. చింతపల్లి మండలంలో సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో సరిగ్గా ఇదే జరుగుతుంది. మొదట నీలంగా, బలంగా వచ్చిన మంట టీ నీళ్లు మరిగేలోపే బర్నర్‌ను అంటుకున్నట్టుగా కుంగిపోతుంది. డబ్బా ఊపి చూస్తే సగానికి పైగా ద్రవం ఉన్నట్టు చప్పుడు వినిపిస్తుంది, రేకు మీద తేమ పట్టి వేళ్లకు జివ్వుమంటుంది. దుకాణదారు మోసం చేశాడనుకునేవారు కొందరైతే, డబ్బాను వేడి చేయాలని చూసేవారు ఇంకొందరు. పక్కన రగులుతున్న నిప్పుల మంట దగ్గర డబ్బాను దొర్లించి కాచుతున్న ఇద్దరు కుర్రవాళ్లను అక్కడే చూసి, వాళ్ల చేతుల్లోంచి దాన్ని లాక్కోవలసి వచ్చింది.

దీనికి మార్గం సులువే. రాత్రి పడుకునేటప్పుడు డబ్బాను గట్టి మూత పెట్టి, పొయ్యి నుంచి విడదీసి, దుప్పట్ల మధ్య ఉంచుకుంటే తెల్లవారేసరికి దానికి తగినంత వెచ్చదనం ఉంటుంది. మరచుట్టు డబ్బా అయితే చేయి పెట్టి ఓర్చుకోగలిగినంత గోరువెచ్చని నీళ్లు ఉన్న పళ్లెంలో నిలబెట్టవచ్చు. వేడి నీళ్లు మాత్రం పోయరాదు. చలి ప్రదేశాలకే వెళ్లేవారు మొదటే మిశ్రమ గ్యాసు డబ్బా కొనడం మంచిది. డబ్బా మీద సన్న అక్షరాల్లో ఏ గ్యాసు ఎంత శాతమో రాసి ఉంటుంది. అది చదవకుండా కొనకండి.

చలిలో మంట రాకపోవడం అసౌకర్యమే కానీ, అసలు ప్రమాదం వేడితోనే. ఈ డబ్బాల మీద 50 డిగ్రీలకు మించిన వేడి తగలనివ్వరాదని హెచ్చరిక ఉంటుంది. మన విజయవాడలోనూ, రామగుండంలోనూ ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే 45 డిగ్రీలు ఎలా దాటుతాయో అందరికీ తెలుసు. అద్దాలు బిగించి ఎండలో నిలిపిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు. శీతాకాలంలో వాడగా మిగిలిన డబ్బాను కారు డిక్కీలోనే మరచిపోయి వేసవి దాకా ఉంచుకునేవారు ఎందరో. ఇంటికి రాగానే సామాను దించేటప్పుడు మొదట దించవలసింది గ్యాస్ డబ్బానే.

పెట్టె పొయ్యి మీద పెద్ద పెనం పెట్టడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. నలుగురికీ ఒకేసారి దోసెలు, చేపముక్కలు వేయాలని ఇంటి నుంచి పెద్ద ఇనుప పెనం తెస్తారు. అది బర్నర్‌ను దాటి పక్కనున్న డబ్బా అర మీదికి వస్తుంది. పెనం అడుగున కొట్టి తిరిగిన సెగ అంతా డబ్బా మీదికే మళ్లుతుంది. పీడనం పెరిగితే డబ్బాను దానంతట అదే విడదీసే ఏర్పాటు మంచి పొయ్యిల్లో ఉంటుంది. కానీ ఆ ఏర్పాటు అవసరమైనప్పుడు పనిచేయకపోవడం వల్లే ఆస్ట్రేలియాలో 2015లో ఈ తరహా పొయ్యిల అనుమతులన్నింటినీ నిలిపివేశారు. అందుచేత గిన్నె గానీ పెనం గానీ డబ్బా అర మీదికి రాకుండా ఉండాలన్న ఒక్క నియమాన్ని పాటించాలి. వంట మధ్యలో అప్పుడప్పుడు ఆ అర మూత మీద చేయి వేసి చూడాలి. చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే వెంటనే ఆర్పేయాలి. ఒకదాని పక్కన ఒకటి రెండు పొయ్యిలు ఆనించి పెట్టి వాటి మీద ఒకే పెద్ద గిన్నె ఎక్కించడం, పొయ్యి మీద బొగ్గులు కాల్చడం లాంటివి కూడా ఎన్నడూ చేయరాదు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెడుతున్నది మళ్లీ నింపడం. ఈ డబ్బాలు ఒక్కసారి వాడి పారేయడానికి తయారు చేసినవి. డబ్బా ధర ఎక్కువనిపించి, ఖాళీ డబ్బాను ఇంటి సిలిండరు నుంచి నింపుకునే పద్ధతి మన పట్టణాల్లో పాకింది. మా నగరంలోనే ఒక దుకాణంలో ఇత్తడి అడాప్టరు ఒకటి పెట్టుకుని, తలకిందులుగా ఉంచిన ఎర్ర సిలిండరు నుంచి పొడుగు డబ్బాల్లోకి గ్యాసు నింపడం కళ్లారా చూశాను. తూకం లేదు. ఎంత నిండిందో తెలుసుకోవడానికి ఆ మనిషి డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. పక్కనే టీ కొట్టు పొయ్యి మండుతోంది. ఇలా చేయకూడదు కదా అని అడిగితే, రోజూ చేసే పనే, ఏమీ కాదమ్మా అన్నాడు.

ఎందుకు ప్రమాదమో లెక్క చెప్తాను. పొడుగు డబ్బా రేకును బ్యూటేన్ పీడనాన్ని దృష్టిలో పెట్టుకుని చేస్తారు. 50 డిగ్రీల దగ్గర కూడా బ్యూటేన్ పీడనం వాతావరణ పీడనానికి ఐదు రెట్లకు లోపే ఉంటుంది. ఇంటి సిలిండరులో ఉండేది బ్యూటేన్, ప్రొపేన్‌ల మిశ్రమం. అదే 50 డిగ్రీల దగ్గర ప్రొపేన్ ఒక్కటే అయితే పీడనం సుమారు 17 రెట్లు ఉంటుంది. మిశ్రమంలో ప్రొపేన్ పాలు పెరిగిన కొద్దీ పీడనం ఆ వైపు జరుగుతుంది. మందపాటి ఉక్కు సిలిండరు దీన్ని తట్టుకుంటుంది కానీ, గట్టిగా నొక్కితే సొట్టపోయే రేకు డబ్బా తట్టుకుంటుందని ఎవరు హామీ ఇస్తారు? అంతేకాదు, కర్మాగారంలో డబ్బాను ఎప్పుడూ నిండుగా నింపరు. వేడికి ద్రవం ఉబ్బుతుంది కాబట్టి పైన కొంత చోటు వదులుతారు. చెవి దగ్గర ఊపి నింపిన డబ్బాలో ఆ చోటు మిగిలిందో లేదో ఎవరికీ తెలియదు. చోటు లేకుండా నిండిన డబ్బాకు కాస్త ఎండ తగిలితే ద్రవమే రేకును చీల్చుకుని బయటికి వస్తుంది. ఒకసారి వాడిన డబ్బా మూతిలోని రబ్బరు వాషరు కూడా అలసిపోయి ఉంటుంది. అక్కడి నుంచి సన్నగా కారే గ్యాసు గాలి కన్నా బరువైనది కాబట్టి పైకి ఎగిరిపోక, కారు డిక్కీలోనో టెంటు నేల మీదో పేరుకుంటుంది. గాలిలో అది రెండు శాతం ఉన్నా చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఇంటి సిలిండరు గ్యాసును ఇలా వేరే డబ్బాల్లోకి మార్చడం చట్టరీత్యా నేరం కూడా. ఎల్పీజీ సరఫరా, పంపిణీపై 2000లో నిత్యావసర వస్తువుల చట్టం కింద కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు దీన్ని నిషేధించింది.

ఖర్చే సమస్య అయితే సక్రమమైన దారి ఒకటి ఉంది. ప్రభుత్వ చమురు సంస్థలు ఐదు కిలోల సిలిండర్లను గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, చిరునామా రుజువు అడగకుండా అమ్ముతున్నాయి. ఇండియన్ ఆయిల్ వారు దానికి ఛోటు అని పేరు పెట్టారు. కారులో పదిమంది కలిసి వెళ్లే బృందానికి అదే చవక, అదే క్షేమం. సిలిండరు పైభాగపు రేకు పట్టీల మీద ఒక అక్షరం, రెండు అంకెలు ఉంటాయి. ఎ అంటే మార్చి, బి అంటే జూన్, సి అంటే సెప్టెంబరు, డి అంటే డిసెంబరు. అంకెలు సంవత్సరానివి. ఆ గడువు దాటిన సిలిండరును తీసుకోరాదు. దానికి ఐఎస్ఐ గుర్తున్న రెగ్యులేటరు, గొట్టం వాడి, పొయ్యిని దూరంగా పెట్టుకోవాలి. హైదరాబాదులో హాస్టలు గదుల్లో పిల్లలు వాడుతున్న, ఏ సంస్థ పేరూ లేని బజారు సిలిండర్లకూ దీనికీ ఎలాంటి పోలికా లేదు. వాటిని నింపేది కూడా నేను పైన చెప్పిన పద్ధతిలోనే. పిల్లలను చదువుకు పంపిన తల్లిదండ్రులు ఒకసారి ఆ గదులకు వెళ్లి చూడాలని కోరుతున్నాను.

టెంటులో వంట గురించి ఎంత చెప్పినా తక్కువే. చలిగా ఉందని, గాలి వీస్తోందని, వాన పడుతోందని పొయ్యిని టెంటు లోపలికి తెచ్చుకుంటారు. వంటయ్యాక వెచ్చదనం కోసం సన్న మంట మీద అలాగే ఉంచి నిద్రపోయేవారు కూడా ఉన్నారు. సాధారణ చిన్న పొయ్యి పూర్తి మంట మీద గంటకు సుమారు 180 గ్రాముల గ్యాసు కాలుస్తుంది. అంత గ్యాసు పూర్తిగా మండాలంటే రెండు ఘనపు మీటర్లకు పైగా గాలిలోని ప్రాణవాయువు కావాలి. ఇద్దరు పడుకునే టెంటులో ఉండే గాలి మొత్తం ఇంచుమించు అంతే. ఆ గాలినే మనుషులు కూడా పీల్చుకోవాలి. ప్రాణవాయువు తగ్గడం మొదలైనప్పుడే మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గ్యాసు కారితే తెలియాలని ఘాటు వాసన కలుపుతారు కానీ, ఆ వాసన మంటలో కాలిపోతుంది కాబట్టి ఈ విషవాయువు జాడ ముక్కుకు తెలియదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. కాస్త తలనొప్పి, వికారం, మగత అనిపించి, కొండ ఎక్కిన అలసట అనుకుని పడుకున్నవారు లేవలేకపోతారు. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో కేరళ నుంచి వెళ్లిన ఎనిమిది మంది, అందులో నలుగురు పిల్లలు, చలికి గ్యాస్ హీటరు వేసుకుని తలుపులు మూసుకున్న గదిలో ఊపిరాడక ప్రాణాలు కోల్పోయారు. అది హోటలు గది. టెంటు దాని కన్నా ఎంతో చిన్నది. టెంటు గుడ్డ ఎంత తొందరగా అంటుకుంటుందో వేరే చెప్పనక్కరలేదు.

గాలి వీస్తే పొయ్యిని రాయి చాటునో, కారు చాటునో బయటే పెట్టుకోవాలి. గాలి వచ్చే వైపు అడ్డు పెడితే చాలు, చుట్టూ మూసేయకూడదు. ముఖ్యంగా డబ్బా మీద బిగించే పొయ్యికి రేకు తడికను గుండ్రంగా చుట్టేస్తే మంట సెగ డబ్బా మీదికే దిగుతుంది. గిన్నెకు మూత పెట్టడం వల్ల ఆదా అయ్యే గ్యాసు ఏ ఖరీదైన బర్నర్ వల్లా కాదు. ప్రశాంతమైన వాతావరణంలో, మూత పెట్టిన గిన్నెలో లీటరు నీళ్లు మరగడానికి 12 నుంచి 15 గ్రాముల గ్యాసు సరిపోతుంది. బీచి గాలిలో, మూత లేకుండా అయితే దానికి రెట్టింపైనా ఆశ్చర్యం లేదు. వెళ్లేముందు డబ్బాను వంటింటి త్రాసులో తూచి, ఖాళీ డబ్బా బరువు తీసేస్తే ఎంత మిగిలిందో గ్రాములతో సహా తెలుస్తుంది. ఊపి చూడడం కన్నా అది నమ్మకమైన లెక్క. పప్పు ఉడికించడం లాంటి ఎక్కువసేపు పట్టే వంటలు ఈ పొయ్యికి తగవు. ఇంటి దగ్గరే వేయించి, పోపు సామాను కలిపి తెచ్చుకున్న ఉప్మా రవ్వ, అటుకులు, నానబెట్టిన బియ్యం లాంటివైతే మంట తగ్గించి తేలికగా వండుకోవచ్చు.

హిమాలయాలకు ట్రెక్కింగ్‌కు వెళ్తున్న మన యువతకు ఒక మాట. మూడు వేల మీటర్ల ఎత్తున నీళ్లు 90 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి అన్నం ఉడకడానికి ఎక్కువ సమయం, ఎక్కువ గ్యాసు కావాలి. మంచు కరిగించి నీళ్లు చేసుకోవలసి వస్తే, కేవలం కరిగించడానికి అయ్యే వేడి ఆ నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచడానికి అయ్యే వేడితో సమానం. ఇక్కడి అలవాటు ప్రకారం లెక్క వేసుకున్న డబ్బాలు అక్కడ చాలవు.

డబ్బాలను అక్కడికి తీసుకెళ్లడం మరో చిక్కు. విమానంలో గ్యాస్ డబ్బాను చేతి సంచిలో గానీ, అప్పగించే సామానులో గానీ పెట్టనివ్వరు. రైలులో మండే గ్యాసు తీసుకెళ్లడం రైల్వే చట్టం ప్రకారం నేరం. మూడేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. చిన్న డబ్బానే కదా, ఎవరు చూస్తారు అనుకునేవారు మదురై సంఘటనను గుర్తు చేసుకోవాలి. 2023 ఆగస్టు 26న అక్కడ నిలిపి ఉంచిన యాత్రికుల బోగీలో, రహస్యంగా తెచ్చుకున్న గ్యాస్ సిలిండరు వల్ల తెల్లవారుజామున మంటలు లేచి తొమ్మిది మంది మరణించారు. డబ్బాలు దిగిన ఊళ్లోనే కొనుక్కోవాలి. డెహ్రాడూన్, మనాలి లాంటి చోట్ల అవి సులువుగా దొరుకుతాయి.

అడవుల విషయానికి వస్తే, ఫిబ్రవరి నుంచి మే దాకా నల్లమలలో ఆకులు రాలి, గడ్డి ఎండి ఉంటుంది. రిజర్వు అడవుల్లో నిప్పు పెట్టడం అటవీ చట్టం ప్రకారం నిషిద్ధం. అభయారణ్యాల్లో అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 30వ సెక్షన్ అడ్డు వస్తుంది. గ్యాస్ పొయ్యి అయినా సరే, అటవీ సిబ్బంది అనుమతించిన చోటనే, ఆకులన్నీ ఊడ్చిన నేల మీదనో, బండ మీదనో వెలిగించాలి. పక్కన ఒక సీసా నీళ్లు ఉంచుకోవాలి. అలా వాడినంత కాలం కట్టెల మంట కన్నా ఇదే అడవికి మేలు. వంజంగి కొండ మీద ఆదివారం సాయంత్రానికి మిగిలే నల్లటి మంట మచ్చలను చూసినవారెవరైనా ఈ మాట ఒప్పుకుంటారు. అయితే ఆ మచ్చల పక్కన ఇప్పుడు ఖాళీ డబ్బాలు కూడా కనిపిస్తున్నాయి. చలికి మంట ఆగిపోయిన డబ్బా ఖాళీ అయిందనుకుని పారేస్తారు. ఎండెక్కాక అందులో మిగిలిన ద్రవం మళ్లీ ఆవిరవుతుంది. చెత్త కుప్పకు ఎవరైనా నిప్పు పెడితే అది పేలుతుంది. ఆ చెత్త ఏరుకునే ఆడవాళ్ల, పిల్లల చేతులకు జరిగే హాని గురించి మనం ఆలోచించాలి. తెచ్చుకున్న డబ్బాను తిరిగి ఇంటికి తీసుకెళ్లడం తప్ప వేరే మర్యాదైన పద్ధతి లేదు.

చివరిగా, మీ పత్రిక ద్వారా సంబంధిత అధికారులకు కొన్ని విన్నపాలు. ఈ పొయ్యిలూ, డబ్బాలూ మన రాష్ట్రాల్లో అమ్ముతున్నప్పుడు, వాటి మీద హెచ్చరికలు తెలుగులో, కంటికి ఆనే అక్షరాల్లో ఉండాలి. ఇప్పుడు నేను చూస్తున్న చాలా డబ్బాల మీద ఇంగ్లిషుతో పాటు, ఇక్కడ ఎవరికీ చదవరాని ఇతర దేశాల లిపులే ఉన్నాయి. దుకాణాల్లో డబ్బాలు నింపే అడాప్టర్ల అమ్మకాన్నీ, నింపుడు వ్యాపారాన్నీ పౌర సరఫరాల శాఖ, అగ్నిమాపక శాఖ కలిసి తనిఖీ చేయాలి. లంబసింగి, అరకు, అనంతగిరి లాంటి చోట్ల టెంట్లు అద్దెకిచ్చేవారు వంటకు బయట గాలి తగిలే చోటు ఒకటి చూపించి, టెంటులో పొయ్యి వెలిగించరాదని రాత్రి పడుకునే ముందు ప్రతి బృందానికీ నోటితో చెప్పాలని షరతు పెట్టాలి. పార్కింగ్ దగ్గర ఖాళీ డబ్బాల కోసం మూత ఉన్న ఇనుప తొట్టి ఒకటి ఏర్పాటు చేయడానికి పంచాయతీలకు పెద్ద ఖర్చేమీ కాదు. మీ పత్రిక ఆదివారం అనుబంధంలో విహార స్థలాల ఫొటోలు వేసేటప్పుడు, ఎల్పీజీ గ్యాసు కారితే పిలవవలసిన 1906 నంబరును కూడా ఆ పేజీలోనే ఒక మూల ముద్రించాలని మనవి.

భవదీయురాలు,
విశ్రాంత రసాయన శాస్త్ర అధ్యాపకురాలు,
విశాఖపట్నం.